సొట్టగిన్నె కొలత

వంటగది వెనక గది,
రైలు డ్రైవర్ల విశ్రాంతి గృహం,
సెప్టెంబర్ 2

పెద్దావిడ గారికి,

నమస్కారం. మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక ఇప్పటికి మూడు కాగితాలు చించాను. "అత్తయ్యగారూ" అని మొదలుపెడితే, ఆ పిలుపు ఆర్నెల్ల కిందట కోర్టులో సంతకంతో పాటే వదులుకున్నానని గుర్తొచ్చింది. "అమ్మా" అంటే మీకు ఒళ్ళు మండుతుంది. పేరు పెట్టి రాసే ధైర్యం ఈ జన్మకి రాదు. అందుకని పెద్దావిడ గారు. నచ్చకపోతే ఉత్తరం చించెయ్యండి, కాకపోతే చివరిదాకా చదివి చించండి. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారేమో. మీరు "హలో" అన్నారంటే నేను భయపడి పెట్టేస్తాను.

నాకు వంట ఉద్యోగం దొరికింది. స్టేషన్ వెనకాల, డ్యూటీ దిగిన రైలు డ్రైవర్లు తిని పడుకునే భవనం ఇది. ఇరవై రెండు మంచాలు, ఒక పొడుగాటి భోజనాల బల్ల, గోడకి రైళ్ళ వేళలు రాసిన పలక. ఎవరు ఎన్నింటికి వస్తారో ఆ పలక చెబుతుంది కానీ, వచ్చేది మాత్రం ఇంకెప్పుడో. మూడు నెలలు నా వంట చూస్తారట. నవంబర్ చివర్లో పెద్దాఫీసరు ముప్పై మందిని వెంటబెట్టుకుని భోజనానికి వస్తాడు. ఆయనకి నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే వంటగదికి తాళం వేసి బయటినుంచి భోజనం పొట్లాలు తెప్పిస్తారు.

ఇక్కడ ఒక నియమం ఉంది. బరువైన తీపి తింటే ఇంజన్ మీద కునుకు వస్తుందని, భోజనం చివర పళ్ళతో చేసిన తీపి మాత్రమే పెట్టాలి. రోజూ పెట్టాలి. ఇంటర్వ్యూలో ఇక్కడి సరుకులు చూసే స్టోర్‌కీపరు "మీకు వచ్చా" అని అడిగాడు. "పళ్ళ తీపికి పేరు మోసిన ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉన్నాను" అన్నాను. అది నిజమే కదా. ఆ తొమ్మిదేళ్ళూ పళ్ళు తరగడమే తప్ప స్టవ్ దగ్గరికి నన్ను రానివ్వలేదన్న ముక్క మాత్రం చెప్పలేదు.

చూసింది గుర్తుపెట్టుకుని మొన్న మీ ఆపిల్ తీపి చేశాను. కింద ముక్కలు, పైన వెన్న కలిపిన పిండి, బిస్కెట్ల పొడి. మీరు ఒక గిన్నెడు పంచదార పోసేవారు, నేనూ పోశాను. గిన్నె కూడా మీదే. వచ్చేశాక పెట్టె విప్పితే తువ్వాలులో చుట్టి కనబడింది. మీ అబ్బాయి పొరపాటున సర్దినట్టున్నారు, కావాలంటే పంపిస్తాను. అన్నీ మీలాగే చేసినా నోట్లో పెట్టలేనంత తీపి వచ్చింది. ఇక్కడ మీసాల డ్రైవరు ఒకాయన ఉన్నాడు, రెండు చెంచాలు తిని "అమ్మా, టీలో పంచదార మానమని డాక్టరు ఏడాదిగా చెబుతున్నాడు, ఇవాళ మానేశాను" అన్నాడు.

ఆ తీపి ఎలా చేస్తారో కాస్త రాసి పంపండి. తిట్లతో కలిపి పంపినా పరవాలేదు.

ఇట్లు,
ఒకప్పటి మీ కోడలు


మూడో అంతస్తు,
వీధి వైపు కిటికీ,
సెప్టెంబర్ 9

వంటమనిషి గారికి,

మీ ఉత్తరం అందింది. నేను కాగితాలు చించే రకాన్ని కాను. వెనక వైపు సరుకుల జాబితా రాసుకుంటాను.

మీరు చేసిన పద్ధతిలో తప్పు లేదు. పన్నెండు ఆపిళ్ళకి గిన్నెడు పంచదార, సగం చెక్క నిమ్మరసం, చిటికెడు దాల్చినచెక్క పొడి. పై పొడిలో వెన్న చల్లగా ఉండాలి, వేళ్ళ చివరలతోనే నలపాలి. అరచేతి వేడి తగిలితే ముద్దవుతుంది. పైన బంగారు రంగు వచ్చి, అంచుల్లో రసం బుడగలు కక్కితే అయినట్టు. గడియారం చూడనక్కర్లేదు.

తీపి ఎక్కువైందంటే మీరు కొన్న పళ్ళే తీపివి అయ్యుంటాయి. పుల్లవి కొనండి.

నా అక్షరాలు వంకరగా ఉన్నాయంటే పెన్ను బాగోలేదు. నిన్న నేను అరటిపళ్ళు విరిచి వెన్నలో ఎర్రగా కాల్చుకుని తిన్నాను. బాగున్నాయి.

ఇట్లు,
పెద్దావిడ


వంటగది వెనక గది,
సెప్టెంబర్ 15

పెద్దావిడ గారికి,

నన్ను తిట్టండి, పడతాను. కానీ "మీరు" అనకండి. ఆ ఉత్తరం చదువుతుంటే బ్యాంకు నుంచి నోటీసు వచ్చినట్టుంది.

పుల్లటి ఆపిళ్ళు కొన్నాను. కొరికితే కళ్ళు మూసుకుపోయేంత పులుపు. అయినా అదే తీపి. బేరిపళ్ళు పంచదార నీళ్ళలో ఉడికించాను, మీరు ఆదివారాలు చేసేవారు చూడండి, అలా. పాకంలో ఈదుతున్న బేరిపళ్ళు తయారయ్యాయి. అనాస ముక్కలకి కూడా అదే గతి. పన్నెండు గాజు కప్పులు బల్ల మీదికి వెళ్ళి పదకొండు నిండుగా తిరిగొచ్చాయి. పన్నెండోది మీసాల డ్రైవరు తిన్నాడు, జాలి గుండె మనిషి.

స్టోర్‌కీపరు వంటగది గుమ్మంలో నిలబడి నావైపు చూసి, చూసి, "తొమ్మిదేళ్ళు చేశానన్నారు కదా" అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు, బెంగగా అన్నాడు. అది ఇంకా బాధగా అనిపించింది. నాకు ఈ ఉద్యోగం కావాలి. ఈ గదికి ఒక కిటికీ ఉంది, తలుపుకి నా తాళం ఉంది. పొద్దున్నే లేచి ఎవరి ముఖంలో ఏ వాతావరణం ఉందో చూసుకోకుండా పని మొదలుపెట్టడం నాకు ఎంతో బాగుంది. దీన్ని పంచదార మూలంగా పోగొట్టుకోలేను.

మీరు ఏదైనా దాస్తున్నారా? దాచినా మీ ఇష్టం. అడగకుండా ఉండలేక అడుగుతున్నాను.

ఇట్లు,
ఒకప్పటి మీ కోడలు


మూడో అంతస్తు,
సెప్టెంబర్ 21

అమ్మాయ్,

దాస్తున్నాననే అనుకో. ముందు ఒకటి చెప్పు. నీ దగ్గరున్న గిన్నెకి పక్కన సొట్ట ఉందా? ఉండదు. నాకు తెలుసు, ఎందుకంటే సెట్టులో ఆరింటినీ బల్ల మీద పెట్టి, సొట్ట లేనివాటిలో బాగా మెరిసేది చూసి నీ పెట్టెలో పెట్టింది నేనే. మావాడు సర్దాడట. వాడికి వాడి చొక్కాలు సర్దుకోవడమే రాదు.

నేను కొలిచే గిన్నె ఆ ఆరింటిలో సొట్ట పడ్డది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. కొత్తగా కాపురానికి వచ్చిన మూడోవారం, అక్రోటు కాయలు పగలగొట్టడానికి ఏదీ కనబడక గిన్నెతో కొట్టాను. కాయ పగల్లేదు, గిన్నె లోపలికి పోయింది. మా అత్తగారు చూస్తే ఏమంటారోనని సొట్ట గోడవైపు తిప్పి పెట్టాను. ఇంకెవరూ ముట్టుకోకుండా పంచదార నేనే కొలిచేదాన్ని. పళ్ళు లెక్కపెట్టి వేస్తాం, పిండి పెద్ద డబ్బాతో పోస్తాం, ఆ గిన్నెతో కొలిచేది పంచదార ఒక్కటే. నెల తిరక్కుండా ఇంటికొచ్చిన వాళ్ళంతా, ఈ అమ్మాయి చేతిలో తీపి ఎంత ఉండాలో అంతే ఉంటుంది, పండు రుచి పండుకి తెలుస్తుంది అనడం మొదలుపెట్టారు. ముప్పై తొమ్మిదేళ్ళుగా నాకు వచ్చిన పేరంతా ఆ సొట్టది. అందుకే ఎవర్నీ కొలవనిచ్చేదాన్ని కాదు. నిన్ను కూడా.

మంచి గిన్నె ఇవ్వాలని ఇచ్చాను. అదే నీ కొంప ముంచింది.

నిన్న సొట్టగిన్నెలో నిండా నీళ్ళు పోసి, మిగతావాటితో పోల్చి చూశాను. నాలుగు చెంచాలు తక్కువ పడుతుంది. ఇక నీ ఇష్టం.

ద్రాక్షపళ్ళు ఫ్రీజర్‌లో పెట్టి ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాను ఈ మధ్య. పని లేని తీపి.

ఇట్లు,
పెద్దావిడ


వంటగది వెనక గది,
సెప్టెంబర్ 27

అత్తయ్యగారికి,

అలవాటైన పిలుపే రాసేశాను. "అమ్మాయ్" అని మొదలుపెట్టింది మీరే, కాబట్టి తప్పు మీది.

మీ ఉత్తరం వంటగదిలో నిలబడే చదివాను. చదివి, రోకలిబండ తీసి, గిన్నె బోర్లించి ఒక్కటిచ్చాను. అప్పుడే స్టోర్‌కీపరు ఉల్లిపాయల బస్తాతో లోపలికొచ్చి, బస్తా అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరి మీద కోపమో అనుకున్నాడు పాపం. నీళ్ళు పోసి చెంచాతో కొలిస్తే ఆరు చెంచాలు తగ్గింది. లోపలినుంచి తట్టి కొంచెం బయటికి తెచ్చాను. మూడు. మళ్ళీ బయటినుంచి. అలా అరగంట కుస్తీ పట్టాక సరిగ్గా నాలుగు చెంచాల దగ్గర ఆగింది.

అంతసేపూ ఆయన చూస్తూనే ఉన్నాడు. చివరికి "గిన్నెడు పోసి నాలుగు చెంచాలు తీసేస్తే సరిపోదా అండీ" అని అడిగాడు.

నిజం చెప్పనా, ఆ ఆలోచన నాకు తట్టనేలేదు. కానీ ఒప్పుకుంటే పరువు పోతుంది కదా. "నేను ఒకరోజు మర్చిపోతాను, సొట్ట మర్చిపోదు" అన్నాను. ఆయన తలూపి, వదిలేసిన బస్తా మూలకి జరిపాడు. ఆ సాయంత్రం బేరిపళ్ళు చేశాను. మీసాల డ్రైవరు కప్పు ఖాళీ చేసి, పలక మీద రైళ్ళ వేళల కింద "బేరిపళ్ళు, మళ్ళీ ఎప్పుడు?" అని రాసి పడుకున్నాడు. పొద్దున్నకి దాని కింద ఇంకో ముగ్గురు సంతకాలు పెట్టారు.

అత్తయ్యగారూ, ఆ గిన్నె మీరు పెట్టారని తెలిశాక నేను బయల్దేరిన రోజు మళ్ళీ గుర్తొస్తోంది. ఆ రోజు నేను పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానండీ" అంటే మీరు స్టవ్ వైపు తిరిగి ఉండిపోయారు. వెనక్కి తిరగలేదు. ఆర్నెల్లుగా నాకు మీ వీపే కనబడుతోంది. ఎందుకు తిరగలేదో చెప్పాలని లేకపోతే వద్దు.

మీసాల డ్రైవరుకి రేపు మీ ఊరి వైపు డ్యూటీ. ఒక సీసాలో బేరిపళ్ళు ఇచ్చి పంపుతున్నాను. రుచి చూసి మార్కులు వెయ్యండి.

మీ కోడలు
(ఒకప్పటి అన్నది రాయడం మర్చిపోయాను)


మూడో అంతస్తు,
అక్టోబర్ 4

అమ్మాయ్,

ఆ మీసాలాయన మూడంతస్తులు ఎక్కి వచ్చి, సీసాని పసిబిడ్డలా రెండు చేతులతో ఇచ్చాడు. కూర్చోమంటే కూర్చుని ఇల్లంతా చూశాడు. నీకు చెబుతాడేమోనని ముందే చెబుతున్నా, ఇల్లు శుభ్రంగానే ఉంది. వెళ్ళేటప్పుడు ఆయనే సీసా మూత తీసి పెట్టి వెళ్ళాడు. నేను అడగలేదు.

పాకానికి పదికి ఎనిమిది. లవంగం ఒకటి ఎక్కువ. తరిగినందుకు పదికి పది. ముక్కలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, కొలబద్ద పెట్టినట్టు. ఆ చెయ్యి మర్చిపోలేదు, మంచిది. మూడు రోజులు తిన్నాను.

ఇక నీ పెద్దాఫీసరు సంగతి. రోజూ ఇంట్లో తినడానికి ఒకటి, బయటివాళ్ళు వస్తే చూపించుకోవడానికి ఇంకొకటి అని రెండు వంటలు నేర్చుకోకు. రెండూ ఒకటే. కమలాపళ్ళు చక్రాల్లా కోసి తేనె చుక్కలు వేసి పళ్ళెంలో పెడితే అది మనకి. అవే పొడుగు గ్లాసులో వడకట్టిన పెరుగు మీద పేర్చి, పైన వేయించిన బాదం చల్లితే అది వచ్చినవాళ్ళకి. ఆపిల్ తీపి పెద్ద ట్రేలో చేస్తే రోజువారీ, చిన్న కప్పుల్లో చేస్తే గౌరవం. తీపి మారదు, గిన్నె మారుతుంది. ముప్పై తొమ్మిదేళ్ళు నేను జనాన్ని అలాగే నమ్మించాను.

గుమ్మం దగ్గర సంగతి అడిగావు. ఇప్పుడు కాదు. నిన్న అరటిపండు చిదిమి పెరుగులో కలుపుకుని తిన్నాను, దాని మీద కాస్త తేనె. చెంచా ఒక్కటి చాలు.

మీ పెద్దావిడ


వంటగది వెనక గది,
నవంబర్ 8

అత్తయ్యగారికి,

నెల రోజులుగా ఉత్తరం రాయలేదు. పని ఎక్కువైందని అబద్ధం చెప్పచ్చు, కానీ మీరు నమ్మరు. నిజానికి ఒక సంగతి రాయాలా వద్దా అని తిరుగుతున్నాను.

ముందు మంచి మాటలు. పళ్ళ తీపి గాడిన పడింది. ప్లమ్ పళ్ళు ఓవెన్లో కాల్చి పైన చల్లటి క్రీమ్ వేస్తున్నాను. మిగిలిపోయిన రొట్టె ముక్కల మీద పళ్ళ రసం పోసి రాత్రంతా ఉంచి పొద్దున పెడితే, డ్యూటీకి వెళ్ళేవాళ్ళు డబ్బాల్లో పట్టుకుపోతున్నారు. స్టోర్‌కీపరు ఇప్పుడు గుమ్మంలో నిలబడడు, లోపలికొచ్చి కూర్చుంటాడు. పెద్దాఫీసరు నవంబర్ 27న వస్తున్నాడు. ఆరోజుకి మూడంతస్తుల కేకు మీద పళ్ళన్నీ గోపురంలా పేర్చి, పైన పంచదార తీగలు లాగాలని ఒక పుస్తకంలో చూసి రాసి పెట్టుకున్నాను. మీ "రెండూ ఒకటే" నాకు నచ్చింది కానీ, ముప్పైమంది ముందు ఆపిల్ ముక్కలు పెడితే పొట్లాల వాళ్ళని పిలవమంటాడేమోనని భయం.

ఇక ఆ సంగతి. మీ ఉత్తరాలన్నీ మళ్ళీ వరసగా చదివాను. మీరు తిన్నానని రాసినవి: అరటిపళ్ళు విరిచి, ద్రాక్షపళ్ళు ఒక్కొక్కటే, అరటిపండు చిదిమి. ఆదివారం బేరిపళ్ళు లేనిదే భోజనం ముగించని మనిషి మీరు. సీసాలో నేను పంపినవి మూడు రోజులు తిన్నారు. సీసా మూత డ్రైవరు తీశాడు. అక్షరాలు వంకరగా ఉన్నది పెన్ను వల్ల కాదు, మూడు ఉత్తరాలకి మూడు పెన్నులు వాడారు, రంగులు వేరు.

తొమ్మిదేళ్ళు మీ పక్కన పళ్ళు తరిగిన దాన్ని. కత్తి అక్కర్లేని పళ్ళేవో, అవసరమైన పళ్ళేవో నాకంటే ఎవరికి తెలుస్తుంది?

అత్తయ్యగారూ, మీ చేతులకి ఏమైంది?

మీ కోడలు


మూడో అంతస్తు,
నవంబర్ 15

అమ్మాయ్,

నువ్వు పోలీసుల్లో చేరాల్సింది, వంటగదిలో చేరావు.

చేతులకి కొత్తగా ఏమీ కాలేదు. నువ్వు మా ఇంటికొచ్చిన కొత్తలోనే వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. గరిట పట్టగలను, గిన్నె కొలవగలను, చాకు మాత్రం నిలవదు, జారిపోతుంది. ఒకరోజు ఆపిల్ తరుగుతుంటే బొటనవేలు తెగింది. అదే రోజు సాయంత్రం నువ్వు వచ్చి "నేను స్టవ్ దగ్గర నిలబడనా" అని అడిగావు. నీకు స్టవ్ ఇస్తే చాకు నా చేతికి వస్తుంది, అందరికీ తెలిసిపోతుంది. పళ్ళ తీపికి పేరు మోసిన మనిషికి పండు కొయ్యడం రాదని ఎలా చెప్పుకోను? అందుకని "నీకు వంట రాదు, నువ్వు పళ్ళు తరుగు" అన్నాను. నువ్వు నమ్మావు. ఏళ్ళ తరబడి నమ్మావు. నలుగురిలో కూడా అన్నాను ఆ మాట. నువ్వు నవ్వి ఊరుకునేదానివి.

సొట్ట గురించి రాసినప్పుడు, అందుకే కొలవనివ్వలేదని రాశాను. అది సగమే నిజం. ఇది మిగతా సగం. అది నేను నీకు చేసిన అన్యాయం. ఈ ఉద్యోగంలో నువ్వు పడ్డ తిప్పలకి కారణం నేను. క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు, ఎలా రాస్తారో కూడా తెలియడం లేదు. రాశాననుకో.

గుమ్మం సంగతి కూడా అయిపోనీ. ఆరోజు నేను వెనక్కి తిరిగి ఉంటే నీ పెట్టె లాక్కుని దాచేసేదాన్ని. వాడితో నువ్వు పడింది నేను చూడలేదా? వాడు చెడ్డవాడు కాదు, కానీ వాడితో ఉంటే గోడతో ఉన్నట్టే. ఇప్పుడు వాడు వేరే ఊళ్ళో కంపెనీ గదిలో ఉంటూ ఆదివారం ఫోన్ చేసి అక్కడ వాన పడిందో లేదో చెప్పి పెట్టేస్తాడు. తొమ్మిదేళ్ళు నువ్వెలా వేగావో ఇప్పుడు నాకు తెలుస్తోంది. నువ్వు వెళ్ళడమే మంచిది. నిన్ను ఆపే హక్కు నాకు లేదు. అందుకని స్టవ్ వైపు చూస్తూ నిలబడ్డాను. స్టవ్ మీద ఏమీ లేదు, అది వెలిగించి కూడా లేదు. నువ్వు వెళ్ళాక ఈ ఇంట్లో పళ్ళు తరిగి చేసే తీపి చెయ్యలేదు.

గోపురాలు, పంచదార తీగలు కట్టిపెట్టు. పెద్ద మనుషులు చెప్పిన వేళకి రారు. ఆగగలిగిన తీపి చెయ్యి. పళ్ళు ఒక గిన్నెలో, పై పొడి ఇంకో గిన్నెలో, వాళ్ళు కూర్చున్నాక కలుపు. నీ చేత్తో తరిగిన ముక్కలు చాలు, అదే అలంకారం. నా మాట విను, ఈ ఒక్కసారి నిజమే చెబుతున్నాను.

అత్తయ్య


వంటగది వెనక గది,
నవంబర్ 28

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి ఒక పూటంతా మీ మీద కోపంగా ఉన్నాను. నిజంగా కోపం. నాకు వంట రాదని నేనే నలుగురికీ చెప్పుకు తిరిగేదాన్ని. మధ్యాహ్నానికి ఆపిళ్ళు తరగడానికి కూర్చున్నాను. నలభయ్యో ఆపిల్ దగ్గర కోపం అయిపోయింది. వెలిగించని స్టవ్ ముందు నిలబడ్డ మిమ్మల్ని తలుచుకుంటే నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. ఉల్లిపాయల వల్ల అని స్టోర్‌కీపరుకి చెప్పాను. బల్ల మీద ఉన్నవన్నీ ఆపిళ్ళే.

నిన్నటి భోజనం సంగతి. గోపురం కట్టలేదు. బేరిపళ్ళు, ఆపిళ్ళు మీ లెక్క ప్రకారం ఉడికించి చల్లార్చాను. పై పొడి ట్రేలో విడిగా కాల్చి పెట్టాను. పెద్దాఫీసరు పన్నెండున్నరకి రావాలి. ఆయన వచ్చే రైలు ఆలస్యం. పలక మీద ముందు గంట అన్నారు, తరవాత రెండన్నారు, చివరికి ఆయన దిగేసరికి మూడుంబావు. రైళ్ళని వేళకి నడిపించే ఆఫీసరే రైలు కోసం కూర్చోవలసి వచ్చింది. ఈలోపు వేడివేడిగా పెట్టాలనుకున్నవన్నీ ఎండిపోయాయి. మళ్ళీ వేడి చేస్తే అడుగంటాయి. ముప్పైమందీ మొహమాటంగా తిన్నారు. స్టోర్‌కీపరు ముఖం పాలిపోయింది. ఈ గది, ఈ తాళం, ఈ కిటికీ అన్నీ పోయాయనే అనుకున్నాను.

అప్పుడు టీ గ్లాసులు ముప్పై ఒకటి బయటికి తీశాను. పొట్టివి, రోజూ డ్రైవర్లు తాగేవి. అడుగున పళ్ళు, పైన క్రీమ్, ఆ పైన కరకరలాడే పొడి. మీసాల డ్రైవరు, ఆయనకి సెలవు రోజే అయినా వచ్చి, ట్రే పట్టుకుని బల్ల చుట్టూ తిరిగాడు. చెంచాల చప్పుడే వినబడింది. పెద్దాఫీసరు గ్లాసు అడుగు గీకి, "ఇది ప్రత్యేకంగా మాకోసం చేసిందా" అని అడిగాడు. స్టోర్‌కీపరు నోరు తెరిచేలోపే డ్రైవరు "లేదండీ, మాకు రోజూ ఇదే" అన్నాడు. ఆఫీసరు డ్రైవర్ల వంక కుళ్ళుకుంటున్నట్టు చూశాడు. ఇంకో గ్లాసు అడిగాడు.

ఇవాళ పొద్దున కాగితం వచ్చింది. ఉద్యోగం ఖాయమైంది.

ఒకటి చెప్పాలి. వెళ్తూ వెళ్తూ ఆయన "ఎక్కడ నేర్చుకున్నారు" అని అడిగాడు. "మా అత్తయ్య దగ్గర" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. దిద్దుకోవాలని అనుకున్నాను, కానీ దిద్దుకోవడానికి ఇంకో మాట దొరకలేదు.

ఇకనుంచి నాకు ఆదివారాలు సెలవు. పొద్దున ఏడున్నర బండికి వస్తే తొమ్మిదికి మీ వీధిలో ఉంటాను. బేరిపళ్ళు నేనే తెస్తాను. నేను తరుగుతాను, మీరు కొలవండి. కానీ నేను ఎవరినని మీ ఇంటికి రావాలో, మెట్ల మీద ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. మీకు ఇబ్బంది అవుతుందంటే సీసాలే పంపిస్తాను. మొహమాటపడకుండా రాయండి.

మీ కోడలు


మూడో అంతస్తు,
డిసెంబర్ 3

అమ్మాయ్,

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. ఆఫీసరుకి రెండో గ్లాసు ఇవ్వకుండా ఉండాల్సింది. ఇంకొంచెం కావాలనిపించేటప్పుడే ఆపాలి.

పొద్దున బజారు నుంచి సంచి పట్టుకుని మెట్లెక్కుతుంటే ఎదురింటావిడ ఆపి, ఇంత వెన్న ఎందుకు, ఆదివారం ఎవరొస్తున్నారు అని అడిగింది. కోడలు వస్తోంది అన్నాను. ఆవిడ నోరు తెరిచి, "విడాకులైపోయాయి కదండీ" అంది.

"అవి మావాడికి. నాకెప్పుడిచ్చింది?" అన్నాను.

మెట్ల మీద ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు.

సొట్టగిన్నె తోమి బల్ల మీద పెట్టాను, గోడవైపు తిప్పలేదు. నీ గిన్నె కూడా తీసుకురా, రెండింటిలో నీళ్ళు పోసి చూద్దాం. నీదీ సరిగ్గా నాలుగు చెంచాలే తగ్గిందని నువ్వే అంటున్నావు, నేను చూసేదాకా నమ్మను. నువ్వు స్టవ్ దగ్గర కూడా నిలబడాలి, నేను కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని అరుస్తాను.

కత్తి తెచ్చుకో. ఇక్కడివన్నీ మొద్దుబారిపోయాయి.

మీ అత్తయ్య